చేతుల మీదుగా వచ్చిన ఊపిరి

మా హారిక పడుకున్నాక ఇది రాస్తున్నాను. పగలు కాగితం ముందేసుకుని కూర్చుంటే ఏం రాస్తున్నావని ఎవరో ఒకరు అడుగుతారు. ఏమని చెప్పను? నాలుగేళ్ల కిందట నాకొచ్చిన జబ్బు గురించీ, ఈ ఏడాది మా నాన్నతో కలిసి గోదావరిలో తెడ్డు వేసిన రెండు రోజుల గురించీ రాస్తున్నాను. అవి వేర్వేరు సంగతులని మా ఆయన సత్తిబాబు అంటారు. ఒకటి వదిలేసి రెండోది చెప్పడం నాకు చేతకావడం లేదు.

ఇంకో కారణం కూడా ఉంది. అరికాళ్లలో మొదలైన తిమ్మిరి రోజురోజుకీ పైకి పాకుతోందని మీ ఇంట్లో ఎవరైనా అంటే నీరసమని సరిపెట్టుకోకండి. ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మేం అయిదు రోజులు ఆగాం.

1999 నవంబరు

మాది ముక్తేశ్వరం దగ్గర, ఏటిగట్టును ఆనుకుని ఉన్న ఊరు. పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ అక్కడే. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. మా నాన్న సూరన్న రేవులో పడవ నడిపేవారు. మనుషుల్నీ సైకిళ్లనీ కొబ్బరికాయల బస్తాలనీ ఈ ఒడ్డు నుంచి కోటిపల్లి ఒడ్డుకి దాటించేవారు. ఆ పడవ సంపాదనతోనే నన్ను అమలాపురం కాలేజీలో బి.ఎస్సీ. దాకా చదివించారు.

అప్పటికి హారికకి ఏడాది నిండింది, ఇంకా నా పాలే తాగుతోంది. ఆ ఏటి తుఫానుకి ఊళ్లోకొచ్చిన నీళ్లు తీశాక అందరికీ విరేచనాలు పట్టుకున్నాయి. నాకూ వచ్చి తగ్గాయి. తగ్గిన పది రోజులకి, ఒక ఉదయం చెప్పుల్లో కాళ్లు పెడితే చెప్పులున్నట్టు తెలియలేదు. గచ్చు మీద నడుస్తుంటే దూది మీద నడుస్తున్నట్టుంది. మర్నాటికి మోకాళ్ల దాకా అదే.

"పాలిచ్చే తల్లికి నడుం గుల్లయిపోద్ది. దానికి డాక్టరెందుకు, నువ్వులనూనె రాసి వేణ్ణీళ్లు పోస్తే సరి" అన్నారు మా అత్తయ్యగారు. రెండు పూటలా ఆవిడే రాసేవారు, గట్టిగా, ఒళ్లు ఊగిపోయేలా. ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చి బలానికి ఇంజక్షను ఇచ్చి వెళ్లాడు. మూడో రోజు బిందె దించబోతే మోకాళ్లు మడతపడి కూలబడ్డాను. బిందె గుమ్మం దాకా దొర్లిపోయింది.

"బీయస్సీలో బిందెలు మొయ్యడం చెప్పరు కాబోలు" అన్నారు అత్తయ్యగారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులో ఎక్కడా భయం లేదు. ఇప్పుడు తలుచుకుంటే అదే భయం వేస్తుంది.

అయిదో రోజు చెంచా ఎత్తలేకపోయాను. తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేశాయి. మా ఆయన రొయ్యల చెరువుల దగ్గర సూపర్వైజరు. కబురంది పరిగెత్తుకొచ్చేసరికి నాన్న అప్పటికే మంచం పక్కన కూర్చుని ఉన్నారు.

"అమ్మడూ, నా చెయ్యి నొక్కు."

నొక్కాను. నా ఉద్దేశంలో నొక్కాను. నాన్న ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. తర్వాత రెండు చేతుల మీదా నన్నెత్తుకుని రేవుకి నడిచారు.

లాంచీ ఇసుకమేట మీద ఆగిపోయి ఉంది. నాన్న సొంత పడవ తీశారు. పడవ అడుగున వెల్లకిలా పడుకుని ఆకాశాన్ని చూస్తూ ఆయన లెక్క విన్నాను. మా నాన్న తెడ్డు వేసేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. వాళ్ల తాత ముత్తాతలు ధాన్యం పడవలు నడిపినవాళ్లు. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టేవారట. ధాన్యం లారీలెక్కింది, లెక్క మాత్రం పడవలో ఉండిపోయింది. లాభం అన్నప్పుడు తెడ్డు నీళ్లలో పడుతుంది. రెండు, మూడు, నాలుగు అనేలోగా పడవ తనంతట తాను జారుతుంది. మళ్లీ లాభం.

నాకు ఊపిరి సగం దాకానే వస్తోంది. ఆ సగాన్ని ఆయన లెక్కకి కట్టుకుని అవతలి ఒడ్డు చేరాను.

ఆసుపత్రి

కాకినాడ ఆసుపత్రిలో చేరిన గంటలోపే నా గొంతులోకి గొట్టం దింపారు. రెప్పలు ఎత్తే శక్తి కూడా పోయింది. స్పృహ లేదనుకున్నారు అందరూ. నాకు అన్నీ వినబడుతున్నాయి. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోవాలి. కదలని మనిషి పక్కన నిలబడి ఏది పడితే అది మాట్లాడకండి.

ఊపిరి ఇచ్చే యంత్రాలు ఆ వార్డులో రెండే ఉన్నాయి. రెండూ వేరేవాళ్లకి పెట్టి ఉన్నాయి. సిస్టరు ఒక రబ్బరు బుడ్డ తెచ్చి గొట్టానికి తగిలించి మా ఆయన చేతిలో పెట్టింది.

"ఇలా నొక్కండి, వదలండి. ఆపకండి."

"ఎప్పటిదాకా సిస్టరుగారూ?"

"మిషను ఖాళీ అయ్యేదాకానండి."

మిషను ఖాళీ అవడమంటే ఏమిటో ఎవరూ అడగలేదు. అది పెట్టుకున్న మనిషి లేచి కూర్చోవాలి, లేదంటే పోవాలి.

ఇక్కణ్ణుంచి నేను చెప్పేది మీరు నమ్మకపోవచ్చు. రెండు పగళ్లు, రెండు రాత్రులు, మూడో పగలు సాయంత్రం దాకా నా ఊపిరి నాది కాదు. మనుషుల చేతుల్లోంచి వచ్చింది. కళ్లు మూసుకునే ఎవరి చెయ్యో చెప్పగలిగేదాన్ని. మా ఆయనది కంగారు చెయ్యి. గుక్క తిప్పుకోనివ్వకుండా పోసేవారు, తర్వాత గుర్తొచ్చి ఆగేవారు. రేవులో నాన్నతో పనిచేసే నలుగురు వంతులవారీగా నది దాటి వచ్చారు. వాళ్లు తమలో తాము కబుర్లు చెప్పుకుంటూ తడబడకుండా నొక్కేవారు. ఎప్పుడో నేను స్కూలుకి వెళ్లే రోజుల్లో నన్ను పడవ ఎక్కించిన మనుషులు.

నాన్న మొదట ఎదురునీటికి తెడ్డు వేసినట్టు బలం కొద్దీ నొక్కారు. ఛాతీ పగిలిపోతుందనుకున్నాను.

"పెద్దాయనా, అంత గట్టిగా కాదండి. ఊపిరితిత్తులండి అవి, ఉప్పుబస్తాలు కాదు" అని సిస్టరు మందలించింది.

నాన్న కాసేపు ఆలోచించినట్టున్నారు. "ఆయ్, అర్థమైందండి. పాటులో పడవ వదిలినట్టు వదలాలి" అన్నారు. సముద్రం నీళ్లు ఏట్లోకి ఎగదన్నితే పోటు అంటాం, వెనక్కి తీసుకుంటే పాటు. పాటులో పడవకి బలం అక్కర్లేదు, అదును చాలు. ఆ క్షణం నుంచి నాన్న చెయ్యి మారింది. లాభం అన్నప్పుడు ఊపిరి వచ్చేది. రెండు, మూడు, నాలుగులో నెమ్మదిగా పోయేది.

అత్తయ్యగారి చెయ్యి గురించి కూడా చెప్పాలి. మొదటి రోజు నాన్నకీ ఆవిడకీ నా మంచం మీదుగానే మాటలయ్యాయి.

"మీ నూనె మర్దనాలే అమ్మడిని ఇక్కడికి తెచ్చాయండి" అన్నారు నాన్న.

"ఆయ్, నాదే తప్పండి బావగారూ. ముందా బుడ్డ నాకిచ్చి మీరు రెండు మెతుకులు తినండి. తిట్లు తర్వాత తిడుదురు గాని."

ఆవిడ చెయ్యి నూనె కొలిచి పోసినట్టుండేది. ఒక చుక్క ఎక్కువా కాదు, ఒక చుక్క తక్కువా కాదు. బిందె గురించి నన్ను ఎత్తిపొడిచిన మనిషి అంత ఓపిగ్గా ఊపిరి పోస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. కృతజ్ఞత చూపిద్దామంటే రెప్ప కూడా కదిలేది కాదు.

వరండాలో సంగతులు తర్వాత మా ఆయన చెప్పారు. రాయవరం నుంచి వచ్చిన ఒకావిడ రోజూ మావాళ్లకి ఫ్లాస్కులో కాఫీ తెచ్చేదట. రెండు యంత్రాల్లో ఒకటి పెట్టింది ఆవిడ భర్తకే. "మావారు లేస్తే అది మీకే ఇస్తారండి. ఆయన లేవాలని మొక్కుకోండి" అందట. మావాళ్లు నాకోసం కాక ముక్కూ మొహం తెలియని ఆయన కోసం మొక్కుకున్నారు.

మూడో రోజు మధ్యాహ్నం నాన్న వంతు. లాభం, రెండు, మూడు, నాలుగు. ఆ లెక్క ఎంత సేపటి నుంచో సాగుతోంది, గొంతు బరువెక్కుతోంది. లాభం, రెండు. అక్కడ ఆగింది.

మూడు, నాలుగు నేనే మనసులో అనుకున్నాను. లాభం రాలేదు. మళ్లీ నాలుగు దాకా లెక్కపెట్టాను. రాలేదు. అరవడానికి నోరు లేదు, పక్క బట్ట గుంజడానికి వేలు లేదు. ఛాతీలో మంట మొదలైంది. హారిక మొహం గుర్తుతెచ్చుకోబోతే దాని పాదాలు మాత్రమే గుర్తొచ్చాయి. నాలుగు లాభాలు అలా రాకుండా పోయాయి. అప్పుడు అత్తయ్యగారి గాజుల చప్పుడు, "బావగారూ" అని ఒక్క పిలుపు. వెంటనే బుడ్డ నొక్కుకుంది. మళ్లీ నాన్న చెయ్యే. లెక్క పైకి వినబడలేదు.

సిస్టరుకి ఎవరూ చెప్పలేదు. అత్తయ్యగారు ఎవరితోనూ అనలేదు, ఈ రోజుకీ అనలేదు.

ఆ సాయంత్రం రాయవరం ఆయన తనంతట తాను ఊపిరి తీసుకున్నాడు. యంత్రం నాకొచ్చింది. యంత్రం మంచిదే, అలిసిపోదు. కానీ దాని వెనక ఎవరూ లేరని తెలిసి మొదటిరోజు చాలా ఒంటరిగా అనిపించింది.

2000, ఆ తర్వాత

మూడు వారాలకి గొట్టం తీశారు. రెండు నెలలకి ఇంటికొచ్చాను. జబ్బు పాదాల నుంచి పైకి ఎక్కిన దారినే కిందికి దిగింది, ముందు మెడ, తర్వాత భుజాలు, చేతులు, ఆఖరికి కాళ్లు. హారిక అన్నాళ్లూ మా ఆడపడుచు దగ్గర ఉంది. నన్ను చూసి ఆవిడ చీర వెనక్కి దాక్కుంది. పాలు ఎప్పుడో ఇంకిపోయాయి. పిల్లని ఎత్తుకుందామంటే చేతులు లేవవు. మంచం మీద నా పక్కన పడుకోబెడితే నా చెయ్యి పట్టుకుని పైకెత్తి వదిలేసి, అది కింద పడుతుంటే నవ్వేది. దానికదో ఆట. నాకూ అదే వ్యాయామం అయింది. ఒక రోజు వదిలిన చెయ్యి పడకుండా గాల్లో నిలబడింది. హారిక చప్పట్లు కొట్టింది. వంటింట్లోంచి వచ్చి చూసిన అత్తయ్యగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

మెల్లగా నడిచాను, వండాను, రాశాను. వేళ్లలో పట్టు మాత్రం పూర్తిగా రాలేదు. సీసా మూత ఇప్పటికీ మా ఆయనే తియ్యాలి.

రెండు విషయాలు మిగిలిపోయాయి. ఒకటి నా భయం. పడవ ఎక్కలేదు, పిల్లని ఏటి దగ్గరికి పోనివ్వలేదు. అది నిద్రపోతుంటే లేచి లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. రెండోది నాన్న. రోజూ వచ్చేవారు. వరండాలో నిలబడి "ఎలా ఉన్నావమ్మడూ" అని అడిగి, కూర్చోమంటే రేవులో పనుందని వెళ్లిపోయేవారు. చిన్నప్పటి నుంచీ తల నిమరకుండా వెళ్లని మనిషి, మళ్లీ నన్ను ముట్టుకోలేదు. ఎందుకో నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకి తెలియదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక నేనూ ఊరుకున్నాను.

2003 ఆఖరు

ఒక రాత్రి అలాగే హారిక ముక్కు దగ్గర వేలు పెట్టాను. కళ్లు తెరవకుండానే అంది, "ఊపిరి ఆడుతోందమ్మా. పడుకో."

అయిదేళ్ల పిల్ల. ఎన్నాళ్ల నుంచి మెలకువగా ఉండి నా వేలి కోసం చూస్తోందో. తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. నా భయాన్ని నేను దాని చేతికి అందిస్తున్నానని అర్థమైంది.

ఆ నెలలోనే నాకు వైద్యం చేసిన డాక్టరుగారు మా రేవుకి వచ్చారు. వార్డుకి ఇంకో ఊపిరి యంత్రం కొనాలని ఆయనా కొంతమంది కుర్రాళ్లూ కలిసి పడవల పందెం పెడుతున్నారట. కపిలేశ్వరపురం నుంచి ఎదుర్లంక దాకా, రెండు రోజులు. కయాక్ అని ప్లాస్టిక్ పడవలు, ఒక్కోదాంట్లో ఇద్దరు. ఊరికో జట్టు. జట్టు ఆఖరిదాకా చేరితే ఆ ఊరివాళ్లు తోచింది వేస్తారు. మధ్యలో మానేస్తే ఇవ్వక్కర్లేదు. మా ఊరి నుంచి నాన్నని రమ్మన్నారు.

"నాకు జత ఎవరండీ? కుర్రాళ్లంతా గల్ఫు వెళ్లిపోయేరు" అన్నారు నాన్న.

"నేనొస్తాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఇంట్లో పెద్ద గొడవ. "సీసా మూత రాని చేతులే అవి. తెడ్డెలా పడతావు? మధ్యలో ఏమైనా అయితే?" అన్నారు మా ఆయన.

అత్తయ్యగారు బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "ఏరా, ఆ చేతులకి ఊపిరి నువ్వొక్కడివే పోసేవా? నా వాటా కూడా ఉంది అందులో. నేను వెళ్లమంటున్నాను."

తెడ్డు జారకుండా నా అరచేతులకి పాత చీర పేలికలు చుట్టే పద్ధతి కనిపెట్టింది కూడా ఆవిడే.

2004 ఫిబ్రవరి

కపిలేశ్వరపురం గట్టు మీద జనం. పసుపురంగు పడవలు వరసగా ఉన్నాయి. కాళ్లు బారజాపుకుని కూర్చోవాలి, తెడ్డుకి రెండు వైపులా రెక్కలు. నాన్న దాన్ని తిప్పి తిప్పి చూశారు.

"ఇదేం తెడ్డండీ, రెండు మొహాలు. ఏ మొహంతో మాట్లాడాలో తెలీట్లేదు."

ఎవరో ఒడ్డు మీంచి అరిచారు, "సూరన్నా, బొప్పాయికాయలో కూర్చున్నట్టున్నావు."

"దిగి తోసేవాడివి నువ్వుంటే బాగుణ్ణు" అన్నారు నాన్న.

నేను ముందు, ఆయన వెనక. పడవ కదిలిన మొదటి క్షణం నాకు గాలి ఆడలేదు. వెనక నుంచి నాన్న గొంతు వినబడింది, మెల్లగా, అలవాటుగా: లాభం. నాలుగేళ్ల తర్వాత మొదటిసారి విన్నాను. చేతులు వాటంతట అవే కదిలాయి. ఆ రోజంతా ఏటి మధ్య లంకల పక్కన సాగాం. అరటితోటల్లోంచి జనం వచ్చి చేతులూపారు. నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగున ఇసుక కనిపిస్తోంది. ఇంత పెద్ద నది ఇన్నాళ్లూ మా ఇంటి పక్కనే ఉంది, నేను తలుపులేసుకుని కూర్చున్నాను.

రెండో రోజు కోటిపల్లి నుంచి మొదలు. మధ్యాహ్నానికి పోటు తగిలింది. బయటి నుంచి వచ్చిన జట్లు పళ్లు బిగించి ఎదురీదుతున్నాయి. నాన్న మా పడవని ఇసుకదిబ్బ అంచుకి తోలి ముక్కు ఇసుకలోకి ఎక్కించి తెడ్డు ఒళ్లో పెట్టుకున్నారు.

"ఏం నాన్నా?"

"సముద్రంతో పందెమేంటమ్మడూ. అది వెనక్కి తీసుకుంటాది, అప్పుడెళ్దాం."

పక్కగా పోతున్న జట్టు కుర్రాడు "అంకుల్, మానేశారా?" అని అడిగాడు.

"ఆయ్, కునుకు తీసి వస్తామండి" అన్నారు నాన్న.

కునుకు అన్న మాట ఆయనకే తగిలినట్టుంది. నేను ముందుకి తిరిగి కూర్చున్నాను కాబట్టి ఆయన మొహం కనబడదు. అందుకే అనగలిగారనుకుంటాను.

"అమ్మడూ, నీకో సంగతి చెప్పాలి. ఆసుపత్రిలో, మూడో రోజు."

"చెయ్యి ఆగింది" అన్నాను నేను.

పడవ కింద నీళ్లు తడుతున్నాయి. ఆయన అడిగారు, "మీ అత్తగారు చెప్పేరా?"

"ఎవరూ చెప్పలేదు. నాకు వినబడింది. రెండు దగ్గర ఆగింది. నాలుగు లాభాలు రాలేదు."

"నాలుగా?" ఆ గొంతు నాన్నది కాదు, ఎవరో ముసలాయనది. "నేను రెండనుకున్నాను. ఒక్క కునుకని చెప్పుకుంటున్నాను ఇన్నేళ్లూ."

ఆయన బాధపడకూడదని అబద్ధం చెప్పొచ్చు. భయపడలేదని అనొచ్చు. నాలుగేళ్లు ఇద్దరం అలాగే బతికాం.

"చాలా భయపడ్డాను నాన్నా. చచ్చిపోయాననుకున్నాను. అది నీ చెయ్యని తెలుసు. మళ్లీ మొదలైంది కూడా నీ చెయ్యే, అదీ తెలుసు. దానికి ముందు రెండు రోజులు నువ్వెన్ని లాభాలన్నావో ఎవరు లెక్కపెట్టారు? నేను పెట్టలేదు. రాని నాలుగే లెక్కపెట్టుకున్నాను. అది నా తప్పు."

కొంతసేపటికి నా తల మీద ఆయన అరచెయ్యి పడింది. తడిగా, బరువుగా, చిన్నప్పటిలాగే. అలా ఎంతసేపుందో తెలియదు. పడవ ముక్కు దగ్గర ఇసుక మీద తడి గీత ఒకటి తేలింది. నీళ్లు దిగుతున్నాయి.

"పాటు మొదలైంది. పద" అన్నారు నాన్న.

అంతదాకా ఎదురీది వాడిపోయిన మూడు జట్లని దాటాం. ఎదుర్లంక వంతెన దూరంగా దారంలా కనబడింది. అప్పుడే వెనక తెడ్డు తడబడింది. ఆయనకి అరవై దగ్గరపడింది, భుజం పట్టేసింది. లెక్క మూడు దగ్గర తెగింది.

"నాన్నా, తెడ్డు పైకి పెట్టేసి కూర్చో. నేను లాగుతాను."

"నీ చేతులు..."

"నాలుగు పూర్తయ్యేదాకా కూర్చో. మళ్లీ చెబుతాను."

లాభం అన్నాను. చీర పేలికల్లో అరచేతులు మండుతున్నాయి. రెండు, మూడు, నాలుగు. పడవ జారింది. మళ్లీ లాభం. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. వంతెన స్తంభాలు ఒక్కొక్కటే పెద్దవయ్యాయి. ఊపిరి లోపలికి వస్తోంది, బయటికి పోతోంది, పూర్తిగా, అడుగుదాకా. ఎవరూ నొక్కకుండానే. ఇలాంటిది రోజూ ఇన్ని వేలసార్లు మనందరిలో జరుగుతోందంటే నమ్మబుద్ధి కాలేదు.

ఒడ్డు చేరినవాళ్లలో మాది ఆఖరి నుంచి నాలుగో పడవ. హారిక మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉంది, వాళ్ల నాయనమ్మ దాని గౌను పట్టుకుని ఉన్నారు. ఆ నీళ్లు చూసి నేను కేక వెయ్యలేదు.

మార్చి

యంత్రం వచ్చింది. పెట్టే రోజు రమ్మని డాక్టరుగారు కబురు పెడితే నాన్నా నేనూ వెళ్లాం. అదే వార్డు, అదే ఫినాయిల్ వాసన. గోడకి రంగు మారింది. యంత్రాన్ని అప్పటికే ఒక కుర్రవాడికి పెట్టేశారు. ఇప్పుడు మూడున్నాయి, మూడూ నిండుగా ఉన్నాయి. నాలుగో మంచం పక్కన కె.గంగవరం రైతు ఒకాయన, భార్య కోసం రబ్బరు బుడ్డ నొక్కుతున్నాడు. చెమటలు కక్కుతూ, పరుగు పెడుతున్నట్టుగా.

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఎంత చేసినా ఒక మంచం మిగిలిపోతుందా అనిపించింది.

నాన్న ఆయన దగ్గరికి వెళ్లారు. "తొందర వద్దండి. పాటులో పడవ వదిలినట్టు వదలండి."

"పడవలు మాకు తెలీదండి. వ్యవసాయం."

నాన్న ఒక నిమిషం ఆలోచించారు. "గేదెకి పాలు పితుకుతారా?"

"ఆయ్."

"అలాగేనండి. తొందరపడితే పాలివ్వకుండా ఎగచేపదండీ? దాని మనసు చూసి పిండుతాం కదా, అలాగ."

ఆ రైతు చెయ్యి నెమ్మదించింది. ఆవిడ ఛాతీ మెల్లగా లేచి మెల్లగా దిగింది. ఆయన మొహంలో రెండు రోజుల నిద్రలేమి కనబడుతోంది.

నాన్న స్టూలు దగ్గరికి లాగి కూర్చున్నారు. తన చేతుల వంక చూసుకున్నారు. నా వంక చూశారు. "మీరు వెళ్లి కాస్త టీ తాగి రండి, నేను నొక్కుతాను" అన్నారు ఆయనతో. తర్వాత నాతో, "నువ్వు నిలబడి లెక్కపెట్టు. ఆగితే తట్టు."

మంచం మీద ఆవిడ కళ్లు మూసుకుని ఉంది. వంగి ఆవిడ చెవి దగ్గర చెప్పాను, "ఇది మా నాన్న చెయ్యండి. మంచి చెయ్యి."

నాన్న భుజం మీద నా చెయ్యి వేసి పైకి, ఆవిడకి వినబడేలా అన్నాను, "లాభం."